పొయ్యిలో బూడిద పోయాక: వంటింటి సరుకులతో ఇల్లు శుభ్రం చేసుకోవడం వెనకున్న కథ

వంటసోడా మీద వెనిగర్ పోస్తే బుస్సుమని నురగ పొంగుతుంది. ఇంట్లో చేసుకునే క్లీనర్ల గురించి ఎవరు చెప్పినా ముందు వచ్చేది ఆ నురగే. సింకుకీ అదే, బాత్రూం టైల్స్‌కీ అదే, మాడిన గిన్నెకీ అదే. లెక్క వేసి చూస్తే మాత్రం ఆ నురగ చేసే పని చాలా తక్కువ. మన దుకాణాల్లో దొరికే వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సుమారు 4 శాతం. అంటే 250 మిల్లీలీటర్ల కప్పులో 10 గ్రాములు. దాన్ని పూర్తిగా విరిచెయ్యడానికి 14 గ్రాముల వంటసోడా, అంటే ఒక పెద్ద చెంచాడు, చాలు. గ్యాస్ ఎగిరిపోయాక మిగిలేది సోడియం ఎసిటేట్ అనే లవణం కలిసిన నీళ్లు. జిడ్డును వదిలించే క్షారం అందులో ఉండదు, కుళాయిల మీద పేరుకునే తెల్లటి గారను కరిగించే పులుపూ ఉండదు. పని చేసినట్టు కనిపిస్తే అది చాలావరకు తరవాత రుద్దిన పీచు గొప్పతనం, పోసిన వేడినీళ్ల గొప్పతనం.

ఇంత తేలికగా దొరికిపోయే పొరపాటు ఇంతమంది ఎందుకు చేస్తున్నారో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మన ఇళ్లలో క్షారం చేసే పని వేరు, పులుపు చేసే పని వేరు అన్నది ఒకప్పుడు ఎవరూ విడిగా నేర్పాల్సిన సంగతి కాదు. అంట్లకు బూడిద, ఇత్తడికి చింతపండు, తలకీ పట్టుబట్టకీ కుంకుడుకాయ. ఈ మూడింటినీ కలిపి వాడినవాళ్లు లేరు.

కట్టెల బూడిదలో నీళ్లలో కరిగే భాగం ముఖ్యంగా పొటాషియం కార్బొనేట్. ఇది గట్టి క్షారం. నూనె జిడ్డు మీద పడితే కొంత జిడ్డును అక్కడికక్కడే సబ్బుగా మార్చేస్తుంది. బూడిద పట్టిన కొబ్బరిపీచుతో తోముతుంటే చెయ్యి జారినట్టు అనిపించేది అందుకే. కరగకుండా మిగిలేది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, అది మెత్తటి రాపిడి ఇస్తుంది. అయితే ఏ బూడిదైనా ఒకటి కాదు. వరి ఊక బూడిదలో నూటికి ఎనభై పాళ్లకు పైగా సిలికా ఉంటుంది. దానితో తోమితే స్టీలు గిన్నె మీద సన్నటి గీతలు పడతాయి, నాన్‌స్టిక్ పెనం పూత లేచిపోతుంది. ఇప్పటికీ బూడిద వాడదలచుకున్నవాళ్లు కట్టెల బూడిదే తీసుకుని పలచటి గుడ్డలో జల్లించుకోవాలి. ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క, ఏ రకమైన చెత్త కాలిన బూడిదా అంట్లకు పనికిరాదు.

బట్టల దగ్గర బూడిద పని చౌడు చేసేది. ఎండాకాలం నేల మీద తెల్లగా పొర కట్టే చౌడుమట్టిలో సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ఉంటాయి. చాకళ్లు ఆ మట్టి నీళ్లలో బట్టలు ముంచి, ఉబ్బ వేసి, ఆవిరికి ఉడికించి, ఆ తరవాతే రేవులో ఉతికేవారు. క్షారానికి వేడి తోడైతే జిడ్డు త్వరగా వదులుతుందన్న సూత్రం అందులో ఉంది. ఇప్పుడు దుకాణంలో చాకలి సోడా అని అమ్మేది అదే సోడియం కార్బొనేట్, శుద్ధి చేసిన రూపంలో.

ఆ శుద్ధి చేసిన సోడా వెనక యూరప్ కథ ఉంది. ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతిని ఫ్రాన్స్‌లో నికొలా లెబ్లాంక్ 1791లో పేటెంట్ చేశాడు. 1860లలో బెల్జియంకు చెందిన ఎర్నెస్ట్ సాల్వే అంతకన్నా చవకైన పద్ధతి కనిపెట్టాడు. ఈలోగా 1846లో అమెరికాలో చర్చ్, డ్వైట్ అనే ఇద్దరు వంటసోడాను పొట్లాలు కట్టి అమ్మడం మొదలెట్టారు. అక్కడి ఇళ్లలో వంటసోడా శుభ్రతకు వాడే సరుకు కావడానికి పునాది అదే. మన దేశంలో గుజరాత్ తీరాన మిఠాపూర్‌లో టాటా కెమికల్స్ 1939లో మొదలైంది.

సోడా రావడంతోనే బూడిద పోలేదు. 1959లో సర్ఫ్ వచ్చినా అది పట్నాల్లో, కొనగలిగినవాళ్ల ఇళ్లలోనే ఉండిపోయింది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ సోడా యాష్ (అదే సోడియం కార్బొనేట్) ఆధారంగా నిర్మా తయారుచేసి, సర్ఫ్ ధరలో దాదాపు నాలుగో వంతుకే అమ్మాడు. పల్లెల్లో బట్టల సంగతి దానితో మారింది. అంట్ల సంగతి మారింది మాత్రం పొయ్యి మారినప్పుడే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల మొదలుపెట్టింది. పొగ బాధ పోయింది, ఆడవాళ్ల కళ్లకీ ఊపిరితిత్తులకీ అది పెద్ద మేలు. దానితోపాటు రోజూ ఉచితంగా దొరికే క్షారమూ పోయింది. 1993లో వచ్చిన విమ్ బార్ లాంటివి ఆ ఖాళీలోకి దిగాయి. బూడిద ఎందుకు పనిచేసిందో ఎవరూ అడక్కముందే అది వంటింట్లోంచి వెళ్లిపోయింది. సరుకు మారింది గానీ దాని వెనకున్న తర్కం తరవాతివాళ్ల చేతికి అందలేదు. ఇప్పటి గందరగోళానికి మూలం అక్కడే ఉంది.

ఇప్పుడు ఇంట్లో బూడిద పనికి సరైన వారసుడు వంటసోడా కాదు, చాకలి సోడా. వంటసోడా నీళ్ల పీహెచ్ (పులుపునూ క్షారాన్నీ కొలిచే సంఖ్య, ఎంత ఎక్కువైతే అంత క్షారం) సుమారు 8.3, చాకలి సోడాది 11 దగ్గర. ముదిరిన జిడ్డు మీద ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది. స్టీలు చిమ్నీ ఫిల్టరు, పొయ్యి మీది స్టాండు, నూనె డబ్బా మూత లాంటివాటికి లీటరు వేడినీళ్లలో రెండు పెద్ద చెంచాల చాకలి సోడా కలిపి అరగంట నానబెడితే చాలు, పాత బ్రష్‌తో లాగితే వచ్చేస్తుంది. చేతికి రబ్బరు గ్లౌజులు తప్పనిసరి, ఈ క్షారం చర్మం మీది నూనెనూ లాగేస్తుంది. దుకాణంలో చాకలి సోడా దొరకకపోతే వంటసోడాను వెడల్పాటి ట్రేలో పలచగా పరిచి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. 100 గ్రాములు పెడితే 63 గ్రాములు మిగలాలి, తూచి చూసుకుంటే మార్పు పూర్తయిందో లేదో తెలిసిపోతుంది. ఇలా చేసింది నీటి శాతం లేని సోడా కాబట్టి ఒక చెంచాలో బలం ఎక్కువ. పైన చెప్పిన కొలతలో సగంతో మొదలెట్టాలి.

ఒక్క లోహం దగ్గర ఈ సోడా పూర్తిగా నిషిద్ధం: అల్యూమినియం. హిండాలియం గిన్నె, పాత ప్రెషర్ కుక్కరు, కొన్ని చిమ్నీల జాలీ ఫిల్టర్లు ఆ కోవలోవే. క్షారం తగిలితే అల్యూమినియం పైపొర కరిగి నల్లబడుతుంది. అలా నల్లబడిన కుక్కరుకు మందు పులుపు. మచ్చ మునిగేదాకా నీళ్లు పోసి, నిమ్మకాయంత చింతపండు గానీ రసం పిండిన నాలుగైదు నిమ్మడిప్పలు గానీ వేసి పది నిమిషాలు మరిగిస్తే లోపలి నలుపు తేలిపోతుంది. మాడిన స్టీలు గిన్నెకు దీనికి తిరగదిప్పి చేయాలి. రెండు చెంచాల వంటసోడా వేసి నీళ్లు మరిగించి, చల్లారాక చెక్క గరిటెతో గీకాలి.

పులుపు అసలు రంగం రాగి, ఇత్తడి. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం చిలుమును, అంటే లోహం మీద పట్టిన ఆక్సైడ్ పొరను కరిగిస్తుంది, ఉప్పు ఆ పనిని వేగం చేస్తుంది. నిమ్మకాయంత చింతపండును అరకప్పు నీళ్లలో నానబెట్టి, గుజ్జులో చిన్న చెంచాడు ఉప్పు కలిపి పట్టించి, ఒకటి రెండు నిమిషాల్లో రుద్ది కడిగెయ్యాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు, బాగా వదులుతుందని గుజ్జు పూసి గంటలకొద్దీ ఉంచెయ్యడం. అలా ఉంచితే ఇత్తడిలోని జింకు ముందు కరిగిపోయి పైన రాగి మిగులుతుంది, పసుపుపచ్చటి బిందె గులాబీ రంగు మచ్చలు తేలుతుంది. తడి ఆరకుండా వదిలినా మర్నాటికి మళ్లీ నల్లబడుతుంది. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవడం ఈ పనిలో సగం. పులుపు ఇత్తడిని ఎలా తింటుందో పాతవాళ్లకు తెలుసు కాబట్టే వంట గిన్నెలకు లోపల కళాయి (తగరం పూత) వేయించకుండా చారు కాచేవాళ్లు కారు.

పులుపుకు కొత్తగా వచ్చిన పని గార. బోరునీళ్లు వాడే ఇళ్లలో కుళాయిల మీద, గీజరు కాయిల్ మీద, ఎలక్ట్రిక్ కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. దానికి వెనిగర్ కన్నా కిరాణా దుకాణంలో దొరికే నిమ్మఉప్పు (సిట్రిక్ ఆమ్లం) మెరుగు. వాసన ఉండదు, బలం మన చేతిలో ఉంటుంది. అరలీటరు గోరువెచ్చటి నీళ్లలో ఒక పెద్ద చెంచాడు కలిపి కెటిల్‌లో ఇరవై నిమిషాలు ఉంచితే గార బుడగలు తేలుతూ కరుగుతుంది. నీళ్లు మరిగించకూడదు. మరిగితే కాల్షియం సిట్రేట్ ఏర్పడి, గార కన్నా మొండిగా అంటుకుంటుంది. కుళాయికైతే అదే నీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి, అరగంట దాటకుండా తీసి కడగాలి.

ఇక్కడే అమెరికా నుంచి వచ్చిన సలహాలు మన ఇళ్లకు చేసే హాని చెప్పుకోవాలి. బకెట్ నీళ్లలో కప్పు వెనిగర్ కలిపి నేల తుడవమన్న సలహా వినైల్, సిరామిక్ టైల్ నేలలకు పనికొస్తుంది. మన ఇళ్లలో పరిచినవి తాండూరు బండలు, షాబాదు బండలు, బేతంచెర్ల బండలు, వంటగట్టు మీద నల్లటి కడప రాయి. ఇవన్నీ సున్నపురాయి జాతివి. పాలరాయీ అంతే. కుళాయి మీద గారను ఏ చర్య కరిగిస్తుందో, అదే చర్య ఈ బండలనూ కరిగిస్తుంది. ఒక్కసారికి తెలియదు. నెలల తరబడి తుడిస్తే నునుపు పోయి, మెరుపు తగ్గి, ఆ గరుకులో మురికి ఇంకా త్వరగా దిగుతుంది. అప్పుడు ఇంకాస్త వెనిగర్ పోస్తారు. మీ బండ ఏ జాతిదో తెలియకపోతే మూలన కనిపించని చోట ఒక చుక్క నిమ్మరసం వేసి రెండు నిమిషాలు చూడండి. బుడగలు వచ్చినా, తుడిచాక మచ్చ మిగిలినా ఆ నేలకు ఏ పులుపూ తగలకూడదు. గ్రానైట్ అంత తేలికగా లొంగదు గానీ దానికీ పులుపు అవసరం లేదు.

అలాంటి నేలకు కుంకుడు సరిగ్గా సరిపోతుంది. కుంకుడు తొక్కలోని సాపొనిన్లు జిడ్డును నీటిలోకి లాగుతాయి. సబ్బులా కఠినజలంలోని కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టు కట్టవు. గింజ తీసిన తొక్కలు 100 గ్రాములు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున సన్నసెగ మీద ఇరవై నిమిషాలు ఉడికించి, చల్లారాక పిసికి, పలచటి గుడ్డలో వడగట్టాలి. నేలకు ఐదు లీటర్ల బకెట్లో 50 మిల్లీలీటర్లు చాలు. అంట్లకు రసాన్ని అలాగే పీచు మీద పోసుకోవచ్చు. నురగ తక్కువగా ఉంటుంది, దాన్ని చూసి ఇంకా ఇంకా పోసుకోవడం వృథా. పట్టుకీ ఉన్నికీ ఇదే శ్రేష్ఠం, ఎందుకంటే ఇది క్షారం కాదు, ఆ పోగులను దెబ్బతీయదు. తొక్కలోని చక్కెరల వల్ల బయట ఉంచిన రసం మూడు నాలుగు రోజుల్లో పులిసి వాసన వస్తుంది. ఐస్ ట్రేలో గడ్డకట్టించి పెట్టుకుని, రోజుకు కావలసినన్ని ముక్కలు తీసుకోవడం మంచి పద్ధతి. కళ్లలో పడితే భరించలేని మంట. చేపలకు సాపొనిన్లు విషం, కాబట్టి ఆ నీళ్లు చెరువులోకో అక్వేరియంలోకో పోనివ్వకూడదు. కుంకుడు కొనేటప్పుడు ఒక మాట. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ, అడవిలో ఏరిన కుంకుడు, సీకాయ, చింతపండును గిరిజనుల దగ్గర కొంటుంది. దొరికే చోట వాళ్ల సరుకు అడగడం న్యాయం.

ఈ మధ్య మిద్దెతోటల వాళ్ల ద్వారా బాగా ప్రచారమైంది బయో ఎంజైమ్. దీనికి ఆద్యురాలిగా థాయ్‌లాండ్‌కు చెందిన రొసుకోన్ పూంపన్వాంగ్ పేరు చెబుతారు. కొలత బెల్లం 1 పాలు, నిమ్మజాతి పళ్ల తొక్కలు 3 పాళ్లు, నీళ్లు 10 పాళ్లు. మూడు నెలలు పులియాలి. మొదటి నెల రోజూ మూత తిప్పి గ్యాస్ వదలాలి, సీసాలో నాలుగో వంతు ఖాళీ ఉండాలి, గాజు సీసా వాడకూడదు. వదలకపోతే సీసా పగులుతుంది. పైన తెల్లటి పొర కడితే ఫర్వాలేదు. నల్లటి బూజు వస్తే ఇంకో గుప్పెడు బెల్లం వేసి మరో నెల ఆగమంటారు, వాసన కుళ్లితే మాత్రం పారెయ్యడమే మంచిది. తయారయ్యాక అది ప్రధానంగా పులిసిన ఆమ్లాల నీళ్లే. కాబట్టి వెనిగర్‌కు చెప్పిన జాగ్రత్తలన్నీ దీనికీ వర్తిస్తాయి, తాండూరు బండలతో సహా.

శుభ్రం చేయడం వేరు, క్రిములను చంపడం వేరు. పైన చెప్పిన ఏ సరుకూ రెండో పనికి నమ్మదగింది కాదు. అందుకే ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు బ్లీచింగ్ పౌడర్‌నే ఆశ్రయించాలి. ముందు సబ్బునీళ్లతో మురికి తీసి, ఆ తరవాత లీటరు నీళ్లకు 3 గ్రాముల పౌడర్ చొప్పున కలిపి, తేరుకున్నాక పైనీళ్లతో తుడిచి పది నిమిషాలు తడిగా ఉంచాలి. పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం ఉంటే ఆ నీళ్లలో 0.1 శాతం వస్తుంది. పాత పొట్లంలో అంత మిగలదు, గాలి తగిలి తగ్గిపోతుంది. ఈ నీళ్లలో వెనిగర్, నిమ్మఉప్పు, బయో ఎంజైమ్, బాత్రూం యాసిడ్ ఏది కలిసినా క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు వేసిన బాత్రూంలో అది ప్రాణం తీయగలదు. 2013 జులైలో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టినా, పేరు రాయని సీసాల్లో అది ఇంకా ఇళ్లకు చేరుతూనే ఉంది. అందుకని ఒకే రోజు ఒకే మందు వాడాలి. ముందు రోజు యాసిడ్ పోసిన కమోడ్‌ను రెండుసార్లు నీళ్లతో కొట్టాకే బ్లీచింగ్ జోలికి వెళ్లాలి. కలిపిన నీళ్లు ఆ పూటకే, మిగిలితే పారబోయాలి.