పిల్ల ‘అమ్మా’ అనకుంటే ఏమైనట్టు?

హనుమకొండలో పదిహేనేళ్లుగా కుటుంబ కౌన్సెలింగ్ చేస్తున్నాను. పిల్లలుండి మారుపెళ్ళి చేసుకున్నవాళ్లు వచ్చి కూర్చోగానే అనే మాట ఒకటే: “మేడం, పిల్ల ఇంకా అమ్మా అంటలేదు.” మొన్న పరకాల వైపు నుంచి వచ్చిన ఒకాయన, పెళ్ళై ఎనిమిది నెలలైంది, ఇక లాభం లేదు, బిడ్డను హాస్టల్లో వేస్తానన్నాడు. పదేళ్ల ఆ పిల్ల కుర్చీ అంచున కూర్చుని బ్యాగు జిప్పు తీస్తూ, వేస్తూ ఉంది. పక్కన కొత్త భార్య తలెత్తలేదు.

అపోహ: ఏదో ఒక పెద్ద సంఘటనతో పిల్లల మనసు కరిగిపోతుంది.

ఇది సినిమాలు నేర్పింది. వెనకటి సినిమాల్లో సవతి తల్లి వాతలు పెట్టేది. ఇప్పటి సినిమాల్లో ఆమె మంచిదే. కానీ పిల్లకు జ్వరం రావాలి, ఈమె రాత్రంతా ఆస్పత్రిలో కూర్చోవాలి, తెల్లారి ఆ పిల్ల కళ్ళు తెరిచి “అమ్మా” అనాలి. 1998 నాటి హాలీవుడ్ ‘స్టెప్‌మామ్’, దాన్నే 2010లో హిందీలో తీసిన ‘వి ఆర్ ఫ్యామిలీ’ ఇంతకంటే చాలా నయం, ఇద్దరు తల్లులనూ మనుషులుగా చూపాయి. వాటిలో కూడా కన్నతల్లికి ప్రాణం తీసే క్యాన్సర్ వచ్చాకే కొత్తామెకు చోటు దొరికింది. ఒకామె ఇంట్లోకి రావాలంటే ఇంకొకామె పోవాలన్నమాట! సరిగ్గా ఆ భయంతోనే కదా పిల్లలు బిగుసుకునేది.

వాస్తవం: ‘అమ్మా’ అంటే కన్నతల్లికి ద్రోహం చేసినట్టని పిల్ల అనుకుంటుంది. ఆమె ఫొటోకు దండ పడినా, విడాకులై వేరే ఊళ్లో ఉన్నా అంతే. కొత్తామె ఎంత మంచిదైతే ఆ నలుగుడు అంత ఎక్కువ. ఇలాంటి కుటుంబాలతో దశాబ్దాలు పనిచేసిన అమెరికా సైకాలజిస్టు ప్యాట్రిషియా పేపర్నో లెక్కలో త్వరగా కుదురుకునే ఇళ్లకే నాలుగేళ్లు పడుతుంది. నేను చూసిందీ ఇంచుమించు అదే. ఎనిమిది నెలలకే బిడ్డను హాస్టల్‌కు పంపితే, ‘నన్ను బయటికి పంపనీకే ఈమెను తెచ్చిండు’ అని ఆ పిల్ల జీవితాంతం అనుకుంటుంది. దయచేసి ఆ పని చేయకండి. మందలింపులు ఇప్పటికి నాన్నకే వదిలెయ్యండి. రోజూ ఒక అరగంట తండ్రీబిడ్డలే గడపండి. పిలుపు పిల్ల ఇష్టం.

మా నాయిన మళ్ళీ పెళ్ళి చేసుకున్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. “అమ్మా అను బిడ్డా” అని చుట్టాలంతా వెంటపడ్డారు. నేను ఏ పేరూ పెట్టి పిలవలేదు, అన్నం కావాలన్నా నాయినతోనే చెప్పించేదాన్ని. ఆ ఏడు బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల ముందు రోజు ఆమె గునుగు పూల కట్టలు ముందేసుకుని, గిన్నెల్లో రంగులు కలుపుతూ, నా దిక్కు చూడకుండానే అడిగింది: “మీ అమ్మ ఏ రంగేస్తుండె?” ఊదా అన్నాను. సిబ్బిలో తంగేడు మీద ఊదా వరుస లేచింది. అమ్మ పోయినంక ఆ ఇంట్లో ఆమె మాట ఎత్తింది ఈమె ఒక్కతే. తర్వాత ఎప్పుడో చిన్నమ్మా అనడం మొదలుపెట్టాను, ఏ రోజో గుర్తులేదు. ఇప్పటికీ చిన్నమ్మే.

ఇంకో రెండు చెప్పాలి. పెళ్ళితోనే పిల్లలు మారుతండ్రికి వారసులైపోతారన్నది సినిమా మాట. 1956 హిందూ వారసత్వ చట్టం కింద కన్నబిడ్డలకు, దత్తు బిడ్డలకే ఆయన ఆస్తిలో ఆ హక్కు. ఇవ్వాలనుకుంటే దత్తత తీసుకోండి, లేదా వీలునామా రాయండి. ఇక ఇంటిపేరు: భర్త పోయి మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లి తన బిడ్డ ఇంటిపేరు తానే నిర్ణయించవచ్చని 2022లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అది మన తెలుగు కుటుంబం కేసే. అత్తగారింటివాళ్ల బెదిరింపులకు భయపడకండి.

పరకాల ఆయనతో గంటన్నర మాట్లాడాను. హాస్టల్ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు, చింపలేదు. “దసరా దాక ఆగుత మేడం” అన్నాడు. వచ్చే నెల ముగ్గురినీ రమ్మన్నాను. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ ఆ పిల్లను ‘అమ్మా అను’ అనకూడదని ఆయనతో మాట తీసుకున్నాను.