సైకిల్‌కి పాత రోడ్డు చాలు

2023 ఆగస్టు 1న బెంగళూరు–మైసూరు హైవేలో బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు మెయిన్ రోడ్డెక్కకుండా ఆపేశారు. ఆ జాబితాలో సైకిలూ ఉంది. బైకుల గురించి పెద్ద గొడవే అయింది గానీ, సైకిల్ గురించి మాట్లాడింది మాబోటి కొద్దిమందే. నిజం చెప్పాలంటే, కార్లు వంద స్పీడులో పోయేచోట తొక్కాలని నాకూ లేదు. నా బాధల్లా వేరే దారి చూపించకపోవడమే. సర్వీసు రోడ్డు పక్క ఊరికి పోయేవాళ్లకి సరిపోతుంది, రాష్ట్రం దాటేవాళ్లకి కాదు.

అమెరికాలో ఈ చిక్కుని వేరేలా విప్పారు. 1976లో దేశానికి 200 ఏళ్లు నిండాయని, ఆరిగాన్ తీరం నుంచి వర్జీనియా దాకా 10 రాష్ట్రాల మీదుగా సుమారు 6,800 కిలోమీటర్ల సైకిల్ యాత్ర పెట్టారు. నాలుగు వేల మందికి పైగా వచ్చారు. దానికోసం కొత్తగా రోడ్డేమీ వేయలేదు. ట్రాఫిక్ తక్కువుండే పల్లె రోడ్లు వెతికి, ఒకదానికొకటి కలిపి, మ్యాపులు అచ్చేశారు, అంతే. 1982లో వర్జీనియా, కెంటకీ, ఇల్లినాయ్‌లలో ఆ దారికి ప్రభుత్వ లెక్కల్లో నంబరు వచ్చింది: 76. యాత్ర జరిగిన ఏడాది గుర్తుగా.

మన దగ్గర నంబర్లు లేవు గానీ, తొక్కేవాళ్లకి కొదవలేదు. బెంగళూరు సైక్లిస్టులు 2008లో మొదలుపెట్టిన టూర్ ఆఫ్ నీలగిరీస్ అనే సైకిల్ యాత్ర ఉంది. బ్రెవెలున్నాయి, అంటే గడువు పెట్టుకుని తొక్కే దూరప్రయాణాలు: 200 కిలోమీటర్లు 13న్నర గంటల్లో పూర్తిచేయాలి, 600 అయితే 40 గంటల్లో.

బెంగళూరు నుంచి మన తెలుగువాళ్లు ఊరికి పోయే దారి హోస్కోటె, కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు. ఇది పాత 4వ నంబరు జాతీయ రహదారి. స్వర్ణ చతుర్భుజి హైవే వచ్చాక చెన్నై ట్రాఫిక్‌లో చాలా భాగం హోసూరు, కృష్ణగిరి వైపు మళ్లింది. ఇప్పుడేమో చెన్నైకి 262 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే; 2022 మేలో శంకుస్థాపన చేశారు. మూడు రాష్ట్రాలు దాటే ఆ రోడ్డు మీదా రెండు చక్రాలకి చోటు లేదు. పోనీ, మంచిదే. లారీలు అటుపోతే పాత రోడ్డు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. దానికో నంబరిచ్చి, మలుపు మలుపుకీ బోర్డు పెడితే చాలు. కాకపోతే మూడు ప్రభుత్వాలు ఒకచోట కూర్చోవాలి, చిక్కంతా అక్కడే.

బ్రెవెలో ఫలానా చోటు దాటామనడానికి స్టాంపు కావాలి, లేదంటే కొట్టు బిల్లైనా సరే. పోయినసారి ముళబాగిలులో దోసె తిని బిల్లడిగాను. హోటలాయన తెలుగులోనే, "ఎందాకన్నా?" అన్నాడు. చిత్తూరన్నాను.

"బస్సుంది కదన్నా!"

నవ్వి ఊరుకున్నాను. బిల్లు మీద పెన్నుతో టైము రాసి చేతికిస్తూ, "మొగిలి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు చూసుకో" అన్నాడు.