కణితిలో ఆక్సిజన్ కొరతను చూపే రంగులు: అపోహలు - వాస్తవాలు

కణితి ఉన్న చిట్టెలుకకి వెలిగే రంగు ఎక్కించి, దాని ఫొటో మీద ఎర్రగా పచ్చగా మెరిసే మచ్చ చూపించి "ఇదిగో, ఇక్కడ ఆక్సిజన్ లేదు" అనేస్తే చూసేవాళ్లు నమ్మేస్తారు, బొమ్మ అంత బాగుంటుంది మరి. నా రోజువారీ పని ఈ నియర్ ఇన్‌ఫ్రారెడ్ రంగులతోనే కాబట్టి, ఆ మచ్చ నిజంగా ఏం చెబుతుందో, ఏం చెప్పదో రాయాలనిపించింది.

అపోహ: ఎర్రగా ఉన్నచోట వేడి ఎక్కువ.

థర్మల్ కెమెరా వేరు, ఇది వేరు. మేం వాడేది సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల కాంతి, కంటికి కనిపించే ఎరుపు దాటగానే ఉండేది. అంతకన్నా తక్కువ తరంగదైర్ఘ్యాల్ని రక్తంలోని హిమోగ్లోబిన్ బాగా మింగేస్తుంది, ఎక్కువైతే నీళ్లు మింగుతాయి, మధ్యలో ఈ కాస్త సందు దొరికింది. కెమెరాకి అందేది ఎంత వెలుగు అన్న లెక్క మాత్రమే, ఎరుపూ పసుపూ సాఫ్ట్‌వేర్‌లో మనం వేసుకున్నవే. స్కేలు మారిస్తే అదే మచ్చ నీలంగా కూడా కనిపిస్తుంది, అందుకే పక్కన స్కేలు లేని బొమ్మని నేను పట్టించుకోను.

అపోహ: ఆక్సిజన్ తగ్గగానే రంగు వెలుగుతుంది, పెరగగానే ఆరిపోతుంది.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఇలా ఒంట్లోకి ఎక్కించి జాడ చూసే అణువుల్ని ప్రోబ్‌లంటాం. చాలా ప్రోబ్‌లలో రంగుకి 2-నైట్రోఇమిడజోల్ అనే ముక్క తగిలించి ఉంటుంది. విరేచనాలకీ, పంటి ఇన్‌ఫెక్షన్‌కీ డాక్టర్లు రాసే మెట్రోనిడజోల్ కూడా నైట్రోఇమిడజోల్ కుటుంబంలోదే, ఆక్సిజన్ లేనిచోట బతికే క్రిముల మీద అది పనిచేసే పద్ధతీ ఇలాంటిదే. కణంలోని ఎంజైములు ఈ ముక్కకి ఒక ఎలక్ట్రాన్ ఇస్తాయి. పక్కన ఆక్సిజన్ ఉంటే ఆ ఎలక్ట్రాన్‌ని వెంటనే లాగేసుకుంటుంది, అణువు మళ్లీ మామూలుగా అయిపోయి మెల్లగా బయటికి పోతుంది. ఆక్సిజన్ లేకపోతే మార్పు ఇంకా ముందుకి సాగి అణువు కణంలోని ప్రోటీన్లకి అంటుకుపోతుంది. అంటే ఈ రకంలో రంగు మొదట్నుంచీ వెలుగుతూనే ఉంటుంది, ఆక్సిజన్ కొరత చేసేది దాన్ని పట్టి ఉంచడం, అందుకే మిగతా ఒంట్లోంచి రంగు పోయేదాకా గంటల తరబడి ఆగి అప్పుడు ఫొటో తీస్తాం.

కాబట్టి అది ఈ క్షణపు ఆక్సిజన్ కాదు, గడిచిన కొన్ని గంటల చరిత్ర. వాన వెలిసినా గోడ మీద చెమ్మ మరక పోనట్టు, తర్వాత ఎలుకకి ఎంత ఆక్సిజన్ పట్టినా అంటుకున్న రంగు వెంటనే పోదు.

ఇంకో సంగతి. పట్టి ఉంచడానికి బతికున్న ఎంజైములు కావాలి, చచ్చిన కణం పట్టుకోలేదు. కణితిని పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే ఇది స్పష్టంగా తెలుస్తుంది: రక్తనాళం పక్కన చీకటి, కాస్త దూరం పోయాక మెరిసే పట్టీ, ఆ పట్టీ దాటాక మళ్లీ చీకటి. మొదటి చీకటిలో ఆక్సిజన్ ఉంది, రెండో చీకటిలో కణాలే చచ్చిపోయాయి. రక్తనాళం నుంచి ఆక్సిజన్ 100 నుంచి 200 మైక్రోమీటర్ల దూరమే పోగలదు, ఊపిరితిత్తుల కణితుల్లో ఈ అమరికని థామ్లిన్సన్, గ్రే అనే పరిశోధకులు 1955లోనే వివరించారు. వెలుగు లేదంటే ఆక్సిజన్ ఉన్నట్టే అనుకుంటే ఆ రెండో చీకటి దగ్గర బోల్తా పడతాం.

అప్పటికప్పుడు ఆక్సిజన్ ఎంతుందో కొలవాలంటే పల్లాడియం పోర్ఫిరిన్ లాంటి వేరే రకం ప్రోబ్‌లు కావాలి. వాటి వెలుగు మైక్రోసెకన్ల పాటు ఉంటుంది, ఆక్సిజన్ తగిలేకొద్దీ తొందరగా ఆరుతుంది, ఎంత త్వరగా ఆరిందో చూసి లెక్క కడతారు. మామూలు ఫ్లోరసెంట్ రంగుల వెలుగు నానోసెకన్లలో అయిపోతుంది, ఒంట్లో ఉండే ఆ కొద్ది ఆక్సిజన్‌కి దాన్ని తాకేంత టైమే ఉండదు.

అపోహ: వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో 98 వచ్చింది, ఇక కొరత ఎక్కడిది?

కోవిడ్ పుణ్యమా అని ఇది ఇంటింటి ప్రశ్న అయింది. ఆక్సిమీటర్ చెప్పేది ధమనుల్లోని హిమోగ్లోబిన్ సంగతి. ఆ రక్తం కణితి లోపలి మూలకి చేరుతోందా లేదా దానికి తెలియదు. ఆరోగ్యంగా ఉన్న కణజాలాల్లో ఆక్సిజన్ పీడనం చాలాచోట్ల 30 నుంచి 50 మి.మీ. పాదరసం ఉంటే, కణితుల్లో 10 కన్నా తక్కువ ఉన్న చోట్లు మామూలే. అసలు ఆక్సిజన్ లేని కణాన్ని రేడియేషన్‌తో చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్లు డోసు కావాలి, మేం ఇంత తంటాలు పడేది అందుకే.

అపోహ: ఆపరేషన్ థియేటర్లో వాడే ఐసీజీ ఈ పని ఎప్పటినుంచో చేస్తోంది.

ఐసీజీ అంటే ఇండోసయనిన్ గ్రీన్, రక్తంలోకి ఎక్కించే నియర్ ఇన్‌ఫ్రారెడ్ రంగు. దానికి అమెరికాలో 1959లోనే అనుమతి వచ్చింది, మంచి రంగు, కానీ అది చూపేది రక్తం ఎక్కడికి పారుతోందన్నది, ఆక్సిజన్‌ని కాదు. పైగా దానికి చుట్టాలైన కొన్ని సయనైన్ రంగులు వాటంతట అవే కణితుల్లో చేరతాయి. అందుకని నైట్రోఇమిడజోల్ ముక్క తీసేసిన అదే రంగుని ఇంకో గుంపు ఎలుకలకి ఇచ్చి పోల్చి చూపనిదే, ఫలానా ప్రోబ్ ఆక్సిజన్ కొరతనే పడుతోందంటే నేను ఒప్పుకోను. కణితి కోసి, ఆక్సిజన్ కొరత ఉన్న కణాల్ని గుర్తుపట్టే పిమోనిడజోల్ స్టెయిన్‌తో కూడా సరిచూడాలి.

అపోహ: మనిషి ఒళ్లంతా ఇలా చూసేయొచ్చు.

కుదరదు. ఈ కాంతి కణజాలంలో చెదిరిపోతుంది, కొన్ని మిల్లీమీటర్ల లోతు దాటితే బొమ్మ మసకే. ఎలుక చిన్నది కాబట్టి సరిపోయింది. మనిషిలో లోతుగా ఉన్న కణితికి ఫ్లోరిన్-18 తగిలించిన ఎఫ్‌మిసోతో (ఇదీ నైట్రోఇమిడజోల్ రకమే) పెట్ స్కాన్ లాంటివి కావాలి, అందులో రేడియోధార్మికత ఉంటుంది, ఈ రంగుల్లో ఉండదు. అలాగని రంగుని వెలిగించడానికి వాడే లేజర్ దగ్గర అశ్రద్ధ పనికిరాదు, సరిగా కనిపించని కాంతికి కన్ను రెప్ప వేయదు, గాగుల్స్ తప్పనిసరి.

అపోహ: ప్రోబ్ మంచిదైతే చాలు, మిగతాది కెమెరా చూసుకుంటుంది.

కొత్తగా చేరినవాళ్లకి నేను ముందు చూపించేది ఎలుక మేత సంచీ. మామూలు మేతలో అల్ఫాల్ఫా గడ్డి ఉంటుంది, అందులోని క్లోరోఫిల్ కూడా 700 నానోమీటర్ల దగ్గర్లో వెలుగుతుంది, దాంతో రంగు ఇవ్వని ఎలుక పొట్ట కూడా దీపంలా కనిపిస్తుంది. కొద్ది రోజుల ముందే అల్ఫాల్ఫా లేని మేతకి మార్చాలి. తర్వాత చూపించేది మత్తు మెషీను. ఐసోఫ్లూరేన్‌ని చాలాచోట్ల అలవాటుగా 100 శాతం ఆక్సిజన్‌తో కలిపి ఇస్తారు, అంటే మనం కొలవాలనుకున్న కొరతని మనమే మార్చేస్తున్నట్టు, ముఖ్యంగా అప్పటికప్పుడు కొలిచే ప్రోబ్‌లతో. ఏ పేపర్ చదివినా పద్ధతుల భాగంలో ఎలుక పీల్చింది మామూలు గాలా, ఆక్సిజనా అన్న ఒక్క వాక్యం వెతకండి, అది రాయకపోతే ఆ అంకెల్ని వేరే ల్యాబ్ అంకెల పక్కన పెట్టి పోల్చకండి.