సరస్సుకి లైట్‌హౌస్ ఎందుకు?

పిల్లలూ,

మొన్న వీడియో కాల్‌లో చిన్నది అడిగింది కదా, "తాతయ్యా, లైట్‌హౌస్ సముద్రానికి కదా ఉండేది, మేం చూసొచ్చింది లేక్ ఒడ్డున ఉందేంటి" అని, నేను నోరు తెరిచేలోపే కాల్ కట్టయిపోయింది, అందుకే రాస్తున్నా.

సరస్సు అనగానే మనకి చెరువు గుర్తొస్తుంది, అవతలి గట్టు మీద గేదెలు కూడా కనపడతాయి. అమెరికాలో మీరు చూసిన లేక్ సుపీరియర్ పొడవు దాదాపు 560 కిలోమీటర్లు, మధ్యలోకి వెళ్తే ఏ గట్టూ కనపడదు. దానికి తోడు ఆ ఉత్తరపు ఒడ్డు రాళ్లలో ఇనుముంది, దిక్సూచి ముల్లుని పక్కకి లాగేస్తుంది. 1905 నవంబర్ చివర్లో వచ్చిన తుఫానులో బోలెడు ఓడలు దెబ్బతిన్నాయి, ఆ తర్వాతే మీ స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ కట్టారు, 1910లో దీపం వెలిగింది.

మా చిన్నప్పుడు ఇంట్లో లాంతరుండేది. పొద్దు వాలేసరికి చిమ్నీ తుడవటం నా పని, ఎందుకంటే లోపలికి పట్టేంత చిన్న చెయ్యి నాదే. కాస్త బూడిద, మెత్తటి పాత గుడ్డ, అంతే. వత్తి వంకరగా ఉంటే మంట ఒక పక్కకి లేచి మళ్లీ మసి పట్టేస్తుంది, అమ్మ ఊరుకునేది కాదు, కత్తిరించి సమం చేయించేది. లైట్‌హౌస్ కీపర్ పని కూడా చాలావరకు ఇదే, వత్తి, నూనె, గాజు, రోజూ! లేక్ మిచిగన్ ఒడ్డున మిచిగన్ సిటీలో హ్యారియెట్ కోల్‌ఫాక్స్ అనే ఆవిడ 1861 నుంచి 1904 దాకా ఆ పని చేసింది, మానేసేనాటికి ఆవిడకి 80 ఏళ్లు. చలికి నూనె గడ్డకడుతుందని వేడిచేసి మరీ మోసుకెళ్లేది, అలలు మీదకి కొడుతున్నా సరే. చిన్న పనే కదా అని ఒక్క రోజు వదిలేసినా ఎవరో చీకట్లో మిగిలిపోతారు.

మా లాంతరు వెలుగు వాకిలి దాటేది కాదు, నాలుగు వైపులా చెదిరిపోయేది. ఫ్రెనెల్ అనే ఫ్రాన్స్ ఆయన 1822లో లైట్‌హౌస్ దీపం కోసం గాజు ముక్కల్ని వరసలు వరసలుగా పేర్చి, ఆ చెదిరే వెలుగునంతా కూడగట్టి ఒక్క వైపుకి పంపించాడు, మా చిమ్నీ చుట్టూ ఇంకో వంద చిమ్నీలు నిలబెట్టినట్టు అనుకోండి. గాజులో వెలుగు ఎలా వంగుతుందో చూడాలంటే గ్లాసు నీళ్లలో పెన్సిల్ పెట్టి చూడండి.

నదుల్లో ఇంకో ఉపాయం. అక్కడే సెయింట్ క్లెయిర్ అనే నది వెళ్లి అదే పేరున్న సరస్సులో కలిసేచోట లోతు తక్కువ, అక్కడ 1859లో రెండు దీపాలు కట్టారు, ముందుది పొట్టి, వెనకది పొడుగు. రెండూ ఒకదాని మీద ఒకటి నిలబడ్డట్టు కనిపిస్తే ఓడ సరైన దారిలో ఉన్నట్టు, విడిపోతే పక్కకి జరిగినట్టు, ఎంత సులువో చూడండి.

స్ప్లిట్ రాక్ దీపాన్ని 1969లో ఆపేశారు. కానీ 1975 నవంబర్ 10న ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే పెద్ద ఓడ ఆ సరస్సులోనే మునిగి 29 మంది పోయారు, అందుకని ఏటా ఆ రోజు పేర్లు చదివి, ఒక్కో పేరుకీ గంట కొట్టి, మళ్లీ వెలిగిస్తారు. ఈసారి నాన్నని తీసుకెళ్లమనండి. గంట మోగుతున్నప్పుడు మాట్లాడకండి. దీపం తిరుగుతుంటే ఒక మెరుపు నుంచి ఇంకో మెరుపు దాకా మెల్లగా లెక్కపెట్టండి, పది రావాలి. మీకెంత వచ్చిందో ఫోన్ చేసి చెప్పండి.

మీ తాతయ్య