సొర మూతి మీది చుక్కలు

ఆదివారం పూట రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందుండదు. రవ్వలు, బొచ్చెల కుప్పల పక్కన మూరెడు సొర ఒకటి కనిపించి ఆగాను. "పాలసొర అన్నా, బాలింతలకు పెడితే పాలు మంచిగ పడ్తయ్" అంది అమ్మే ఆమె. మా ఇంట్లో బాలింతలెవరూ లేరు. నా చూపంతా దాని మూతి మీదుంది. సూదితో పొడిచినట్టు నల్లటి చుక్కలు. వేలితో నొక్కితే జిగట జెల్లీ బయటికొచ్చింది.

ఇటలీ వైద్యుడు స్టెఫానో లొరెంజీని వీటి గురించి 1678లోనే రాశాడు. పనేమిటో తేలడానికి మాత్రం దాదాపు మూడొందల ఏళ్లు పట్టింది. ఒక్కో చుక్క ఒక్కో సన్నటి గొట్టం నోరు. లోపలి జెల్లీలో విద్యుత్తు సులువుగా పారుతుంది, అడుగున దాన్ని పసిగట్టే కణాలుంటాయి. చేప ఊపిరి తీసినా చుట్టూ నీళ్లలో కాస్త విద్యుత్తు పుడుతుంది. సొరకు అది చాలు. సెంటీమీటరుకు 5 నానోవోల్టులున్నా దానికి తెలుస్తుంది. అంటే రిమోట్‌లో వేసే 1.5 వోల్టుల సెల్ రెండు కొసలనూ కాశ్మీరులో ఒకటి, కన్యాకుమారిలో ఒకటి పెట్టినంత!

దీన్ని రుజువు చేసిన శాస్త్రవేత్త కాల్మైన్ ప్రయోగం (1971) నాకు భలే ఇష్టం. నాలుక చేపలాంటి పల్చటి చేపను ఇసుక కింద దాచాడు. సొర నేరుగా వచ్చి తవ్వింది. వాసన పట్టిందేమో? చేపను అగర్ గదిలో పెట్టాడు. అగరంటే మన చైనాగ్రాసే, విద్యుత్తును ఆపదు. లోపలి నీళ్లను, వాటితో వాసననూ దూరంగా వేరేచోట వదిలాడు. అయినా సొర చేప ఉన్నచోటే తవ్వింది. అగర్ మీద విద్యుత్తును ఆపే పల్చటి ప్లాస్టిక్ కప్పితే ఏమీ పట్టనట్టు దాటిపోయింది. చివరికి చేప లేకుండా, చేపలా కాస్త విద్యుత్తు వదిలే ఎలక్ట్రోడ్లే పాతితే వాటినీ కొరకబోయింది.

అలాగని ముక్కు పనిచేయదని కాదు. కాకపోతే, మైలు దూరంలో రక్తం చుక్క పడితే చాలు పరిగెత్తుకొస్తుందనేది గాలికబురు. ఆ వాసనను నీళ్లు మోసుకురావాలి కదా. ఒంటి పక్కల బారుగా ఉండే గీత నీటి కదలికలను పట్టుకుంటుంది. ఇవన్నీ దగ్గరి పనులకు.

మరి దూరం? నికోల్ అని పేరు పెట్టిన తెల్లసొర దక్షిణాఫ్రికా నుంచి ఆస్ట్రేలియా వెళ్లి తొమ్మిది నెలల్లోపే తిరిగొచ్చింది, మొత్తం 20,000 కిలోమీటర్ల పైమాటే. దారి చూపేది భూమి అయస్కాంత క్షేత్రమేనా? 2021లో అమెరికాలో పారతల సొర (బానెట్‌హెడ్) పిల్లలను తొట్టెలో వదిలి, చుట్టూ తీగచుట్టలతో వాటిని పట్టినచోటికి 600 కిలోమీటర్ల దక్షిణాన ఉండే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టించారు. తొట్టె ఉన్నచోటే ఉంది. అవి మాత్రం ఇంటికి పోతున్నట్టు ఉత్తరానికి తిరిగాయి.