ఎముకలో పడ్డ గుంతను దేనితో పూడుస్తారు?

బైక్ మీద నుంచి పడి మోకాలి కింది ఎముక విరిగి, అది చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చిందంటే ఆర్థోపెడిక్ డాక్టర్లకు సగం టెన్షన్ విరిగినందుకైతే మిగతా సగం చీము గురించే. అక్కడ ఎముకకు ముందువైపు చర్మం తప్ప కండ ఉండదు. రోడ్డు మీది మట్టి నేరుగా లోపలికి పోతుంది. రాడ్డు వేసి ఇంటికి పంపిన కొన్ని నెలలకు కూడా చిన్న రంధ్రంలోంచి చీము కారుతూనే ఉండొచ్చు. మందులు వాడినన్నాళ్లు ఆగుతుంది, మానగానే మళ్లీ మొదలు.

మాత్రయినా ఇంజెక్షనయినా మందు రక్తంతో పాటే వెళ్లాలి. చీము పట్టిన చోట చచ్చిన ఎముకకు రక్తం అందదు, కాబట్టి మందూ అందదు. పైగా ఇలాంటి కేసుల్లో ఎక్కువగా కనిపించే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా తన చుట్టూ జిగురు పొర అల్లుకుంటుంది. ఆ పొర లోపలున్న వాటిని చంపడానికి మామూలుకు వందల రెట్ల గాఢతలో మందు కావాలి. 2017లో అమెరికాలోని రోచెస్టర్ పరిశోధకులు ఎలుకల ఎముకల్లో ఇంకో సంగతి చూశారు. దాదాపు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండే ఈ బ్యాక్టీరియా ఒళ్లు కుదించుకుని, అర మైక్రాన్ కూడా లేని ఎముక కాలువల్లోకి దూరిపోతోంది.

అందుకే సర్జన్ ముందు చేసేది చెక్కడమే. చచ్చిన ఎముకను తొలుచుకుంటూ, అంచుల్లో సన్నటి రక్తపు చుక్కలు పొటమరించే దాకా పోతారు. రక్తం వచ్చిందంటే బతికిన ఎముక తగిలినట్టు. చివరికి గుంత మిగులుతుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే అందులో చేరిన రక్తం మిగిలిపోయిన బ్యాక్టీరియాకు మేత అవుతుంది.

నింపే ప్రయత్నాలు పాతవే. 1892లోనే జర్మనీలో డ్రీస్‌మన్ అనే డాక్టరు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఫినాల్ కలిపి ఎముక గుంతల్లో పెట్టాడు. ఆలోచన మాత్రం ఇవాళ్టిదే: పూడ్చే పదార్థమే క్రిములను కూడా చంపాలి. యాంటీబయాటిక్కులు వచ్చాక 1970 ప్రాంతంలో హాంబర్గ్‌లో బుక్‌హోల్ట్జ్ అనే సర్జన్, కృత్రిమ తుంటి కీలును అతికించే ఆక్రిలిక్ సిమెంటులో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ పొడి కలిపాడు. ఈ సిమెంటు గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, ఆ వేడికి చాలా మందులు పాడవుతాయి, జెంటామైసిన్ తట్టుకుంటుంది. తర్వాత ఆ సిమెంటునే పూసలుగా చేసి స్టీలు తీగకు గుచ్చి గుంతలో పెట్టడం మొదలైంది. మన దగ్గర ఇప్పటికీ ఆపరేషన్ థియేటర్‌లోనే చేత్తో ఈ పూసలు చుట్టే సర్జన్లున్నారు. ఖర్చు తక్కువ, పని జరుగుతుంది.

చిక్కేమిటంటే సిమెంటు కరగదు. మొదటి కొద్ది రోజులు మందు బాగా ఊరుతుంది, ఆ తర్వాత చాలీచాలనంతే. ఎక్కువ భాగం లోపలే చిక్కుకుపోతుంది. అలా కొద్దికొద్దిగా వచ్చే మందు బ్యాక్టీరియాను చంపకపోగా దాన్ని రాటుదేలుస్తుంది. పూసలను తీయడానికి ఇంకో ఆపరేషన్ కావాలి, తీయకపోతే వాటి మీదే కొత్త జిగురు పొర కట్టొచ్చు.

ఈ చివరి సంగతిని 1987లో ఆంథొనీ గ్రిస్టినా అనే అమెరికన్ సర్జన్ సూటిగా చెప్పాడు. ఒంట్లో పెట్టిన ఏ వస్తువు ఉపరితలం కోసమైనా మన కణాలూ బ్యాక్టీరియా పోటీ పడతాయి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టే, ముందు చేరినవారిదే సీటు. అంటే క్రిములను చంపితే చాలదు, ఎముక కణాలను త్వరగా కూర్చోబెట్టాలి. ఇక్కడే పేచీ. వెండి లాంటివి బ్యాక్టీరియాను బాగా చంపుతాయి, మోతాదు పెరిగితే ఎముక కణాలనూ చంపుతాయి.

నాకు వీటన్నిటిలో ముచ్చటేసేది గాజు. 1967లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన లారీ హెంచ్ ఒక సదస్సుకు బస్సులో వెళ్తుండగా, వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికాధికారి ఒకాయన పక్కన కూర్చుని, శరీరం తిప్పికొట్టని పదార్థం చేయలేరా అని అడిగాడు. రెండేళ్లకు హెంచ్ సోడియం, కాల్షియం, ఫాస్ఫరస్ కలిసిన గాజు తయారుచేశాడు. ఎలుకల తొడ ఎముకల్లో పెట్టి ఆరు వారాల తర్వాత లాగితే ఊడి రాలేదు, ఎముకతో కలిసిపోయింది.

తర్వాత ఫిన్లాండ్‌లోని తుర్కులో పరిశోధకులు పాళ్లు మార్చి ఎస్53పీ4 అనే గాజు తెచ్చారు. అందులో 53 శాతం సిలికా, 4 శాతం ఫాస్ఫరస్ ఆక్సైడ్. అర మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా ఉండే పలుకులుగా దాన్ని గుంతలో పోస్తారు. శరీర ద్రవం తగలగానే గాజులోంచి సోడియం బయటికి వస్తుంది, నీటిలోని హైడ్రోజన్ అయాన్లు లోపలికి పోతాయి. దాంతో ఆ చుట్టుపక్కల క్షారత పెరుగుతుంది, లవణాలు చిక్కబడతాయి, బ్యాక్టీరియా తట్టుకోలేదు. అదే సమయంలో పలుకుల మీద కాల్షియం ఫాస్ఫేట్ పొర ఏర్పడి, మెల్లగా ఎముక ఖనిజంలా మారుతుంది. యాంటీబయాటిక్ ఒక్క చుక్క లేకుండానే ఇదంతా. అందుకే మొండి బ్యాక్టీరియా మీద కూడా దీనికి ఆశ ఉంది. కాకపోతే గాజు పెళుసు, ఒంటి బరువు మోయలేదు. పూర్తిగా కరగడానికి ఏళ్లు పడుతుంది.

డ్రీస్‌మన్ వాడిన ప్లాస్టర్, అంటే కాల్షియం సల్ఫేట్, దీనికి పూర్తి విరుద్ధం, వారాల్లోనే కరిగిపోతుంది, ఒక్కోసారి కొత్త ఎముక ఇంకా పట్టకముందే. కరిగేటప్పుడు గాయంలోంచి తెల్లటి ద్రవం కారితే మళ్లీ చీమేనని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అందుకే ఇప్పుడు త్వరగా కరిగేదాన్నీ నిలబడేదాన్నీ కలిపిన పేస్టులు వచ్చాయి. కాల్షియం సల్ఫేట్ కరుగుతూ జెంటామైసిన్‌ను వదులుతుంది, ఎముక ఖనిజం లాంటి హైడ్రాక్సీఅపటైట్ నిలబడి కొత్త ఎముకకు ఆధారమిస్తుంది. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2022లో ఇలాంటి పేస్టు ఒకదానికి అనుమతి ఇచ్చింది.

ప్రకటనలు చదివితే ఇక సమస్య తీరిపోయిందనిపిస్తుంది. నేనైతే అంత తొందరపడను. ఈ పేస్టు ఎంత కొత్తదైనా లోపలున్న మందు జెంటామైసినే, దానికి లొంగని బ్యాక్టీరియా ఉంటే ఉపయోగం అంతంతే. చెక్కడంలో చచ్చిన ముక్క మిగిలిపోతే ఏ పదార్థమూ ఆదుకోలేదు. అందుకే సర్జన్లు గుంత నింపే ముందు నాలుగైదు చోట్ల నుంచి ముక్కలు తీసి కల్చర్‌కు, అంటే ఏ బ్యాక్టీరియా ఉందో ల్యాబ్‌లో పెంచి చూడటానికి, పంపుతారు. ఒంట్లో మందు ఉంటే ఆ కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. చీము కారుతుంటే ఆపరేషన్‌కు ముందు కొన్నాళ్లు యాంటీబయాటిక్ ఆపమంటారేమిటని పేషెంట్లు కంగారు పడేది దీనికే.