బ్యబసాయ వేరు, వ్యవసాయం వేరు: ఒడియా–తెలుగు అనువాదంలో అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో ఒకే ఇంట్లో రెండు మూడు భాషలు వినిపించడం విశేషమేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే ముత్తాత కొన్న పొలం దస్తావేజు తెలుగులోనూ, మునిమనవడి నివాస ధ్రువపత్రం ఒడియాలోనూ ఉంటాయి. అటువి ఇటు, ఇటువి అటు రాసిపెట్టడం నా వృత్తి. పర్లాకిమిడిలో ఈ పని చేసేవాడికి పొద్దున లేస్తే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చూద్దాం.

అపోహ: "సంస్కృతం మాటలు రెండు భాషల్లోనూ ఒకటే. వాటిని అలాగే దించేయండి."

వాస్తవం: నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదకరమైనవి ఇవే. తెలియని మాట ఎదురైతే ఎవరైనా ఆగి అడుగుతారు. తెలిసిన ముఖంతో వచ్చిన మాటను ఎవరూ ఆపరు. ఒడియాలో 'బ్యబసాయ' అంటే వ్యాపారం. మన వ్యవసాయాన్ని వాళ్లు 'చాష' అనో 'కృషి' అనో అంటారు. మనకేమో కృషి అంటే పట్టుదలగా చేసే ప్రయత్నం. ఆ ప్రయత్నానికి ఒడియాలో 'చేష్టా' అనే మాట ఉంది. తెలుగులో చేష్టలంటే పిల్లల కోతి పనులే గుర్తుకొస్తాయి. ఒక మాటను సర్దబోతే పక్కది జారిపోతుంది. రైతుల పథకానికి పెట్టే దరఖాస్తులో వృత్తి అన్న చోట 'బ్యబసాయ' అని రాస్తే, చదివే గుమాస్తాకు ఆ రైతు కొట్టు పెట్టుకున్న షావుకారుగా కనిపిస్తాడు. అక్షరాల్లో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, దరఖాస్తు మాత్రం తిరిగి వస్తుంది.

ఇలాంటివి చాలా ఉన్నాయి. ఒడియాలో 'శిక్షా' అంటే చదువు, 'ఉపన్యాస' అంటే నవల, 'శిల్ప' అంటే పరిశ్రమ, 'చరిత్ర' అంటే మనిషి నడవడి, 'రాగ' అంటే కోపం. 'అభిమాన' అంటే మనకున్న ఆప్యాయత కాదు, దగ్గరివాళ్ల మీద వచ్చే అలక. 'చాకిరి' సంగతి మరీ విచిత్రం. కొడుక్కి చాకిరి వచ్చిందని ఒడియా ఇంట్లో మిఠాయిలు పంచుతారు, ఎందుకంటే అది ఉద్యోగం. 'అబసర' అంటే తీరిక, పదవీ విరమణ కూడా. 'అబసరప్రాప్త శిక్షక' అంటే పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. తెలుగు చెవితో వింటే పాపం ఎవరో అవసరంలో పడ్డాయన అనిపిస్తుంది. (పింఛను కోసం తిరిగినవాళ్లు రెండూ ఒకటే అంటారు, అది వేరే విషయం.) ఇక 'పాణి' (ఒడియాలో నీళ్లు), మన 'పని' మీద జోకు ఈ జిల్లాల్లో అందరికీ తెలిసిందే. దానివల్ల ఎవరి కాగితమూ చెడిపోదు కాబట్టి వదిలేద్దాం.

అపోహ: "చుట్టరికాలకు అనువాదం ఏముంది? మామ అంటే మామే."

వాస్తవం: ఏ మామ? అమ్మకు అన్నదమ్ములైనా, భార్యకో భర్తకో తండ్రి అయినా తెలుగులో మామే. ఒడియాలో మేనమామ 'మాము', పిల్లనిచ్చిన మామ 'శశుర'. అత్త దగ్గరికి వస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. నాన్న అక్కో చెల్లెలో అయితే 'పిఉసీ', మేనమామ భార్య 'మాఇఁ', అత్తగారు 'శాశు'. ఈ ముగ్గురినీ మనం ఒక్క అత్తలో సర్దేశాం. మేనరికం ఉన్న ఇళ్లలో మేనమామే పిల్లనిచ్చిన మామ కూడా అవుతాడు కాబట్టి రెండు పేర్ల అవసరం రాలేదు. ఆ ఆచారం లేని ఒడియా కుటుంబాలకు అది అర్థం కాదు.

బావ అనే మాట వచ్చిందంటే నేను కలం కింద పెడతాను.

"పెళ్లికొడుకు మీకేమవుతారమ్మా?"

"బావ, మాస్టారూ."

"అక్క భర్త తమ్ముడా, మేనమామ కొడుకా, మేనత్త కొడుకా?"

"మా మావయ్య కొడుకండీ."

ఇది వేళాకోళానికి అడిగేది కాదు. అక్క భర్త ఒడియాలో 'భిణోఇ', భర్త అన్న 'దేఢశుర'. మేనమామ కొడుకు మాత్రం 'మాము పుఅ భాఇ', అంటే మేనమామ కొడుకైన అన్న. తెలుగింట పెళ్లి వరుస అయినవాడు ఒడియా ఇంట అన్న అవుతాడు. పెళ్లి నమోదుకు ఇచ్చే ప్రమాణపత్రంలో ఆ మాటను అలాగే దించితే, అమ్మాయి అన్నను పెళ్లాడిందని చదువుకుంటారు. పైగా 1955 నాటి హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల, అక్కాతమ్ముళ్ల పిల్లల మధ్య పెళ్లిని నిషిద్ధ బంధుత్వాల్లో చేర్చింది. ఇరువైపులా ఆచారం అనుమతిస్తే చేసుకోవచ్చని అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. మేనరికాలు నిలబడేది ఆ మినహాయింపు మీదే. కాబట్టి బంధుత్వాన్ని విడమరిచి రాసి, కింద 'అనువాదకుని గమనిక' అని వేరుగా ఒక వాక్యం పెడతాను. అనువాదకుడు తన మాట కలపరాదని కొందరు పెద్దలు అంటారు. గమనిక అని చెప్పి రాసినదాన్ని కలపడం అనరాదని నా వాదన. ఇందులో నేను తగ్గను.

అపోహ: "పెద్ద మాటలే కష్టం. 'మేము', 'అతను', 'నువ్వు' లాంటివి పసిపిల్లలకు కూడా వచ్చు."

వాస్తవం: నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టేవి ఈ చిన్న మాటలే. ఒడియాలో 'ఆమే' అంటే మేము, మనం కూడా. (ఆమె కాదు సుమండీ!) ఊరివాళ్లు కలిసి పెట్టుకున్న అర్జీలో 'ఆమ జమి' అని ఉందనుకోండి. 'మా భూమి' అని రాస్తే అది సంతకాలు పెట్టినవాళ్లది. 'మన భూమి' అని రాస్తే అర్జీ అందుకున్నవాళ్లకూ అందులో వాటా ఉన్నట్టు. అసలు తగాదా అదే అయినప్పుడు తెలుగులో రెండిట్లో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకోవడానికి కాగితం ఒక్కటే చాలదు. అర్జీదారులను పిలిచి అడగాల్సిందే.

'సే' కూడా అంతే. వచ్చింది మగవాడో ఆడమనిషో ఒడియా సర్వనామం చెప్పదు, క్రియా చెప్పదు. 'సే ఆసిలా' అంటే సరిపోతుంది. తెలుగులో వచ్చాడో వచ్చిందో తేల్చకుండా వాక్యం ముగియదు. సాక్షి చెప్పని సంగతిని అనువాదకుడు చెప్పినట్టవుతుంది.

ఇక మర్యాదల సంగతి. ఒడియాకు తు, తుమే, ఆపణ అని మూడు మెట్లు ఉన్నాయి. మనకు నువ్వు, మీరు. మధ్య మెట్టు మీద నిలబడ్డ 'తుమే'ను మాట్లాడుతున్న ఇద్దరి వయసూ చనువూ చూసి అటో ఇటో దించాలి. మామూలు ఉత్తరంలో అయితే ఎటు దించినా కొంపలు మునగవు. తగవు మీద ఇచ్చిన వాంగ్మూలంలో మాత్రం, అప్పటిదాకా 'తుమే' అన్నవాడు హఠాత్తుగా 'తు' అన్నాడంటే కొట్లాట మొదలైంది అక్కడే. రెండిటినీ 'నువ్వు' చేస్తే తిట్టు మాయమవుతుంది, ఆ తర్వాత పడ్డ చెంపదెబ్బ ఎందుకు పడిందో చదివేవాళ్లకు అంతుపట్టదు. అందుకే అలాంటి చోట 'ఏకవచనంలోకి దిగి' అని విడిగా రాస్తాను.

అపోహ: "అంకెలు, కొలతలు, తేదీలు ఏ భాషలోనైనా అవే."

వాస్తవం: గుంటతో మొదలుపెడదాం. ఒడిశాలో 25 గుంటలు ఒక ఎకరం. తెలంగాణలో, మహారాష్ట్రలో 40 గుంటలు ఒక ఎకరం. ఇక్కడి పది గుంటల నేల 40 సెంట్లు, అక్కడి పది గుంటలు 25 సెంట్లే. హైదరాబాదులో ఉన్న అల్లుడికి ఇక్కడి పొలం పత్రాన్ని తెలుగు చేసి పంపేటప్పుడు 'గుంట' అని వదిలేస్తే, ఆయన తన లెక్కలో తాను ఉంటాడు. పక్కనే సెంట్లు కూడా రాయడం ఒక్కటే మార్గం. ఒడిశా కాగితాల్లోని డెసిమల్, ఆంధ్రలోని సెంటు ఒకటే కొలత, ఎకరంలో నూరో వంతు. ఈ ఒక్కటీ మనకు కలిసొచ్చింది. 'ఖజణా' అన్నది మాత్రం భూమి శిస్తు, మన ఖజానా కాదు. 'ఖజణా రసీదు'ను ఖజానా రసీదు అని రాసినవాళ్లను చూశాను.

పాత తెలుగు దస్తావేజుల్లో ఫస్లీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం, ఉంటుంది. మద్రాసు లెక్క ప్రకారం దానికి 590 కలిపితే ఆ ఫస్లీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలై 1 నుంచి లెక్క. ఫస్లీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ దాకా. అంటే ఆ ఒక్క ఫస్లీలోనే ఈ ఊళ్లు రాష్ట్రం మారాయి. కాగితం మీద నెల కూడా ఉంటే తప్ప ఆ దస్తావేజు మద్రాసు నాటిదో ఒడిశా నాటిదో తేలదు.

నెలలు కూడా మోసం చేస్తాయి. ఒడియా వాళ్లకు వ్రతాల నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. కార్తీక పౌర్ణమి ఇద్దరికీ ఒకే రోజు. వాళ్లకు ఆ రోజుతో కార్తీకం పూర్తయిపోతే మనకు ఇంకా సగం మిగిలి ఉంటుంది. 'కార్తీక మాసం మొదటి వారంలో' అని రాసి ఉంటే ఎవరి కార్తీకమో అడిగి, పక్కన ఇంగ్లీషు తేదీ వేయాలి. వారాల పేర్లతో పేచీ తక్కువ. ఉత్తరాంధ్ర పెద్దలు గురువారాన్ని లక్ష్మివారం అంటారు. ఒడియా ఇళ్లలో మార్గశిర గురువారాల్లో లక్ష్మీపూజ చేస్తారు కాబట్టి, ఆ మాట చెప్పగానే ఇక్కడ నవ్వుతూ తల ఊపుతారు.

మాట్లాడేటప్పుడు వచ్చే చిక్కు ఇంకొకటి. ఒడియాలో 'కాలి' అంటే నిన్న, రేపు కూడా. క్రియను బట్టి తేల్చుకోవాలి. క్రియ లేని చీటీ చేతికిస్తే నేనేమీ చేయలేను.

అపోహ: "ఫోనులో అనువాదం ఉంది కదా, మీకెందుకు డబ్బులు?"

వాస్తవం: దుకాణం బోర్డు, బస్సు వేళలు, ఆసుపత్రిలో ఏ గది ఎటో తెలుసుకోవడానికి ఫోను బాగానే పనికొస్తుంది. నేనూ వాడతాను. సంతకం పెట్టే కాగితానికి మాత్రం వద్దు. తెలుగును ముందు ఇంగ్లీషు చేసి, దాన్ని ఒడియా చేసుకునేవాళ్లు చాలామంది. ఇంగ్లీషు గుమ్మం దాటేసరికి అత్త కాస్తా ఆంటీ అవుతుంది, అక్కడి నుంచి ఒడియాలోకి 'మాఉసీ'గా దిగుతుంది. మాఉసీ అంటే పిన్ని లేదా పెద్దమ్మ. తండ్రి వైపు మనిషి తల్లి వైపుకు మారిపోయిందన్నమాట, వారసత్వ పత్రంలో అయితే కథ కోర్టుదాకా పోతుంది. "ఒంట్లో వేడి చేసింది" అన్నదాన్ని డాక్టరుకు జ్వరమని చెప్పడం మనుషులు కూడా చేసే పొరపాటే. జ్వరం ఉందా, మూత్రం మంటా, నోరు పూసిందా అని రోగినే అడిగి, ఆ జవాబును అనువదించాలి.

అపోహ: "సవర, కుయి, కువి తెలుగుకో ఒడియాకో యాసలే. లిపి లేదు, నిఘంటువు లేదు."

వాస్తవం: ఇక్కడి గిరిజనుల భాషల మీద ఈ మాట పర్లాకిమిడిలో వినిపించడం సిగ్గుచేటు. గిడుగు రామమూర్తి ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, నిఘంటువులు కూర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చు వేయించారు. మాంగే గొమాంగొ 1936లో సవరకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపినే రూపొందించారు. సవరది ముండా కుటుంబం, తెలుగుతోగానీ ఒడియాతోగానీ దానికి రక్తసంబంధం లేదు. కుయి, కువి మాత్రం ద్రావిడ భాషలు, తెలుగు ఉన్న శాఖలోనివే. అంతమాత్రాన తెలుగు వచ్చినవాడికి కువి అర్థమవుతుందనుకోవద్దు. సవర మాట్లాడే మనిషి గోడు నా దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా ఒకసారి ఒడియాలోకో తెలుగులోకో మారిపోయి ఉంటుంది. మధ్యలో ఫలానా వ్యక్తి చెప్పగా రాశానని కాగితం మీద తప్పకుండా పెడతాను.

అపోహ: "పేర్లకు అనువాదం ఉండదు."

వాస్తవం: అనువాదం ఉండదు, రూపం మారుతుంది. ఒడియాలో మన 'వ' సంస్కృత పేర్లలో 'బ' అవుతుంది, కాబట్టి విజయ బిజయ అవుతుంది. బయటి నుంచి వచ్చిన పేర్లలో 'భ'తో రాస్తారు. బరంపురంలో పుట్టిన మన మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి ఒడియా అక్షరాల్లో 'భి.భి.గిరి'. ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా ఒడియా లిపిలో కనబడవు కాబట్టి వెంకటరావు 'భేంకటరాఓ' అవుతాడు. బడి సర్టిఫికెట్లో బిజయ, ఆధార్‌లో విజయ ఉంటే ఏది తప్పని పోట్లాడి లాభం లేదు, రెండూ సరైనవే. అనువాదంలో పేరు వచ్చిన మొదటి చోట ఆధార్‌లోని ఇంగ్లీషు అక్షరాలను పక్కన రాయించండి. 'బిజయ, విజయ ఒకే వ్యక్తి' అనే ప్రమాణపత్రాన్ని అనువాదంతో పాటే సిద్ధం చేయించుకోండి. తర్వాత విడిగా చేయిస్తే స్టాంపు కాగితం ఖర్చు మళ్లీ మీదే.